గోడెక్కని పోస్టర్లు

"చింపెయ్ పిల్లా! ఎవరి కంటా పడకముందే చింపెయ్!" అంది నీవెస్, అటక నిచ్చెన కింద నిలబడి.

లొరెదానా వినిపించుకోలేదు. చేతిలోని కాగితాల చుట్టను చంటిబిడ్డను దించినట్టు దించి వంటింటి బల్లమీద పడుకోబెట్టింది. ఆమె ఇటలీలోని ఫెరారా ఊళ్ళో మ్యూజియం ఉద్యోగి. ఫాసిస్టుల కాలంనాటి ప్రచార పోస్టర్లు ఎక్కడైనా మిగిలాయేమోనని నెల రోజులుగా పాత ఇళ్ళ అటకలు గాలిస్తోంది.

"ఇవెంత అరుదో తెలుసా సిన్యోరా? అప్పట్లో లక్షల్లో అచ్చేశారు. ముస్సోలినీ పడిపోయిన రోజు జనం గోళ్ళతో గీకి పారేశారు. ఇప్పుడు పాత సామాన్ల సంతలో దొరికినా చిరుగులే."

"అరుదైతే నాకేంటట? మా నాన్న పరువు పోయింది ఈ కాగితాల వల్లే."

అది నిజం. నీవెస్ తండ్రి అమిల్‌కారె మునిసిపాలిటీలో పోస్టర్లు అంటించే పనివాడు. యుద్ధం ముగిశాక వీధిలో ఒక్కరూ అతన్ని పేకాటకు పిలవలేదు. బడిలో నీవెస్‌ను ఫాసిస్టుల యూనిఫారం పేరుతో "నల్లచొక్కా కూతురా" అని ఏడిపించేవారు. ఆయన ఎవరికీ ఒక్క మాటా ఎదురు చెప్పకుండానే పోయాడు.

లొరెదానా చుట్ట విప్పింది. ఎరుపూ పసుపూ నిన్ననే అద్దినట్టున్నాయి. గోధుమ కంకుల మోపు ఎత్తుకుని నవ్వుతున్న పల్లెపడుచు. అసహ్యం వేస్తుందనుకుంది నీవెస్. కానీ కళ్ళముందు మెదిలింది నాన్న సైకిలు. హ్యాండిల్‌కి ఊగే బకెట్టు, ఆయన భుజాన పొడుగు కుంచె, ముందు కడ్డీమీద తను. పో నది మీదినుంచి పొగమంచు కమ్మేసి దారి కనబడకపోతే ఆయన ఈలపాట ఎత్తుకునేవాడు. "బడొచ్చింది, దిగు రాణీ" అనేవాడు. ఎనభై దాటిన ఈ వయసులోనూ ఆ ఈల చెవిలోనే ఉంది.

"సిన్యోరా, ఇటు చూడండి!" లొరెదానా కేకేసింది. పోస్టర్లు ఒక్కొక్కటే తిరగేస్తోంది. "వెనక చిన్న మరకైనా లేదు. మూడు వందలుంటాయి, ఒక్కటీ గోడెక్కలేదు! తేదీ చూడండి, పంతొమ్మిది వందల నలభై రెండు డిసెంబరు. అంటించానని చెప్పి మీ నాన్న వీటిని దాచేశారు. పట్టుబడితే జైలే!"

"మా నాన్నా? పిల్లి ఎదురొస్తే పక్కకి తప్పుకునేవాడే!"

"అలాంటివాళ్ళే అంత పని చేస్తారు. ప్రదర్శనలో ఆయన ఫొటో పెడతాం. కింద 'మౌన వీరుడు' అని రాస్తాం. సరేనా?"

నీవెస్ కుర్చీలో కూలబడింది. డెబ్బై ఏళ్ళుగా మోస్తున్నదేదో జారిపోయినట్టయింది.

"ఎదురింటి ఓలిందో ఇంకా బతికే ఉన్నాడు. బడిలో నన్ను ఏడిపించింది వాడే. మొదటి టికెట్టు వాడికి పంపు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

చివరి పోస్టరు విప్పేసరికి మధ్యలోంచి ఏదో మెత్తగా బల్లమీద పడింది. ఉతికి, మడతపెట్టిన గుడ్డ సంచులు నాలుగు. ఒక్కోదానిమీద మునిసిపాలిటీ ముద్ర. లొరెదానా పైకి చదివింది.

"పోస్టర్ల జిగురు కోసం గోధుమపిండి. తినరాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీవెస్ భుజాలు కదులుతున్నాయి. ముసలామె ఏడుస్తోందనుకుని లొరెదానా కంగారుగా వంగి చూసింది. ఆమె నవ్వుతోంది.

"వీరుడని రాయకు పిల్లా," అంది నీవెస్. "ఊరంతా రేషను రొట్టెముక్క కోసం కొట్టుకు చస్తుంటే, ఆ చలికాలం మా అమ్మ ప్రతి ఆదివారం పళ్ళెం నిండా పాస్తా పెట్టేది. మూడు వందల పోస్టర్ల జిగురూ మేం ఐదుగురమే తినేశాం!"