గద్ద పాఠం కొత్త ముద్రణ

అడవి అంచున ఒక ముళ్ళపంది కోడిపిల్లల బడికి పుస్తకాలు వేసేది. తన ముల్లుతోనే మోదుగాకుల మీద రాసేది. దాని ‘గద్ద పాఠం’ ఇరవై ఆకులు. నేల మీద నీడ కదిలితే ఎటు పరుగెత్తాలో, ఏ పొదలో దూరాలో అన్నీ అందులో ఉండేవి.

ఒక ఏడు చిలుక రెండాకుల గైడు తెచ్చింది. అందులో పరీక్షలో వచ్చే ప్రశ్నలూ జవాబులూ తప్ప ఇంకేమీ లేవు. ముళ్ళపంది పుస్తకాలు కొనేవాళ్ళు లేక అలాగే ఉండిపోయాయి.

“పరుగెత్తడం పరీక్షలో అడగరు కదా మామా, మాకెందుకది?” అంది తల్లికోడి.

ముళ్ళపందికీ ఇల్లు గడవాలి. తనూ ఒక గైడు వేసింది. ఒకే ఒక్క ఆకు, పైన రంగుల బొమ్మ. అది చిలుక గైడు కన్నా బాగా అమ్ముడైంది. తల్లికోడి పిల్లలు ఆరింటికీ నూటికి నూరు వచ్చాయి.

మర్నాడు పెరట్లో నీడ కదిలింది. పిల్లలన్నీ తలెత్తి చూశాయి.

“రెక్కలు రెండు,” అంది మొదటిది.

“ముక్కు వంకర,” అంది రెండోది.

మూడోది నోరు తెరిచేలోపే గద్ద దాన్ని తన్నుకుపోయింది.

తల్లికోడి ఏడుస్తూ పరుగున వచ్చింది. “మామా, ఆ పాత పుస్తకమే మళ్ళీ వెయ్యి.”

ముళ్ళపంది తల దించుకుంది. “ఇప్పుడు తీరిక లేదు కోడమ్మా. గైడుకి పెద్ద ఆర్డరు వచ్చింది. అడవిలో ప్రతి పిల్లకీ ఉచితంగా పంచుతారట.”

“ఎవరా పుణ్యాత్ములు?”

“గద్దగారు.”