ఎలుకను కట్టెయ్యను

"తాతగారూ, కాలు తియ్యండి! ఆ పెట్టెలో గాజు ఉన్నాది."

పలాస పాసింజర్లో ఎదుటి సీటు పెద్దాయన గబుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు.

"గాజులేటమ్మా?"

"గాజులు కావు, గాజు తీగ. ఎలక మెదడు సూసేది."

ఆయన నవ్వలేదు. "ఎలా సూస్తావు?" అనడిగాడు.

దీవెనకు ప్రాణం లేచొచ్చింది.

"ఈ వెంట్రుకంత తీగలోంచి మెదడులోకి వెలుగు పంపుతాను. నాడీకణాలు పనిచేస్తే పచ్చగా మెరుస్తాయి. పరిగెట్టే ఎలకలో సూస్తానని నేను. తల బిగించి సూడమని మా సారు. ఒప్పుకోలేదని ఇవాళ ల్యాబ్‌లోంచి పొమ్మన్నారు. పొందూరు పోతన్నాను."

"మీ సారుకేటి భయం?"

"ఉమాశంకర్ గారి పుస్తకం! కదిలే జంతువు మీద తీసిన కొలతలు చెల్లవని ఆయనెప్పుడో రాసేశారు. అందరూ దాన్నే పట్టుకుని కూకున్నారు."

"నిజమే కదా. తల ఊగితే వెలుగూ ఊగుతాది."

"అందుకే రెండు వెలుగులు పంపుతాను. ఒకటి మెదడు పనిని బట్టి మారతాది. రెండోది మారదు. రెండూ కలిసి ఊగితే అది తల ఊపు. మొదటిదొక్కటే పైకి లేస్తే, అది మెదడు!"

పెద్దాయన వేలితో గాలిలో రెండు గీతలు గీసి, ఒకదాన్ని పైకి లేపి చూసుకున్నాడు.

"మరైతే ఇంటికెందుకు పోతన్నావు?"

"ఆయనంత పెద్దాయన..."

"ఎంత పెద్దాయనైతే ఏటి? తప్పు రాశాడని నువ్వు రాయి. ముసలోడు బతికుండగానే రాయి!"

కొత్తవలసలో పెద్దాయన దిగాడు.

పెట్టె గుండెకు హత్తుకుని దీవెనా దిగింది. విశాఖ వెళ్లే బండి ఎక్కింది.

"తల బిగించను. పొమ్మన్నా పోను," అంది సారుతో.

రోజూ పొమ్మన్నారు. రోజూ వచ్చింది. చివరికి విసిగిపోయి, మూలనున్న పాత స్టోరు గది వదిలేశారు.

ఆ గదిలో ఎలుక పరిగెత్తింది. మలుపు తిరిగినప్పుడల్లా తెర మీద పచ్చ గీత ఎగిసింది. రెండో గీత కదల్లేదు.

ఆ కొలతల మీద రాసిన వ్యాసం అచ్చయిన వారమే దీవెన అడ్రసు కనుక్కుని ఉమాశంకర్ గారింటి తలుపు కొట్టింది. ముఖం మీదే చెప్పాలని వచ్చింది.

ఆయన కూతురు అరుణశ్రీ తలుపు తీసింది.

"సారు ఉన్నారా? కదిలే జంతువు గురించి ఆయన రాసింది తప్పు. రుజువు తెచ్చాను."

"నాన్న పోయిన నెలలో కాలం చేశారమ్మా."

దీవెన చేతిలోని వ్యాసాన్ని కిందికి దించింది. "క్షమించండి. తెలీక..."

అరుణశ్రీ ఆమెను తేరిపార చూసింది.

"నువ్వేనా? 'రైల్లో ఒక పిల్ల నన్ను ఓడించేసిందే, పేరడగడం మరిసిపోనాను' అని పోయేదాకా మురిసిపోయారు."