బావిలో దొరికిన ఎముకలు

"ఈ చెయ్యి చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది," బల్ల మీది ఎముకను చూపించింది డాక్టర్ ప్రత్యూష. "మీ అమ్మాయికి అలా ఏమైనా జరిగిందా?"

కోటిరెడ్డి తల దించుకునే ఉన్నాడు. భార్య హనుమాయమ్మే చెప్పింది.

"మిరపకోతకెళ్లి వస్తా ట్రాక్టర్ మీంచి పడిందమ్మా. నాటు వైద్యుడితో కట్టు కట్టించాం."

"కటి ఎముక ఆడమనిషిదే. కీళ్ల దగ్గర ఎముకలు ఇంకా పూర్తిగా కలవలేదు, వయసు ఇరవై దాటి ఉండదు. ఈ కాలి ఎముక విరిగిన చోట అసలు అతుక్కోలేదు. అంటే, మీ చేలో బావిలో పడ్డప్పుడే విరిగింది."

"మా శివలీలే," అంది హనుమాయమ్మ.

ఆరేళ్ల కిందట శివలీల కనబడకపోతే, ఎవడితోనో లేచిపోయిందనుకున్నాడు కోటిరెడ్డి. వెతకలేదు. తమ ఊరు కారంపూడిలో అందరూ చూస్తుండగా తలస్నానం చేసి, కూతురు చచ్చిందని నీళ్లొదిలాడు. ఆ తర్వాత నలుగురిలో తలెత్తలేదు.

ఇప్పుడు ఎత్తాడు.

"అయితే నా బిడ్డ ఎవడితోనూ పోలేదు!"

గుండెల మీంచి బరువేదో దించినట్టు ఊపిరి వదిలాడు.

హనుమాయమ్మ ఆయన వైపే చూస్తోంది. "ఏందయ్యా, పిల్ల చచ్చిందంటే నీ ముఖం తేటపడింది?"

కాదనబోయాడు. తన పెదవులు నవ్వుతున్నాయని అప్పుడు తెలిసింది. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"రక్తం తీసి డీఎన్ఏతో పోల్చి ఖాయం చేద్దాం," అంది డాక్టర్. "ముందు తండ్రిగారు. చెయ్యి చాపండి."

పోలిక కుదరకపోతే శివలీల ఎవడితోనో పోయి బతికే ఉన్నట్టు. కోటిరెడ్డి చెయ్యి చాపలేకపోయాడు.