వడియాల గుడ్డ

కొట్టం వెనక దూడ మెడకు పలుపుతాడు బిగుసుకుపోయింది. అది గుడ్లు తేలేస్తుంటే కర్రి అనే కుక్క చూసింది. ఒక్క ఉరుకున ముంగిట్లోకి వచ్చి మొరిగింది.

గుడ్డ పరిచి వడియాలు పెడుతున్న సూరీడమ్మ తలెత్తలేదు. "నోర్ముయ్ కర్రీ! ఇందాకే కదా గంజి పోశాను."

కర్రి ఆమె చీర కుచ్చిళ్లు పట్టి లాగింది. వీపు మీద చీపురు దెబ్బ పడింది.

అరుగు మీద పిల్లి ఒళ్లు విరుచుకుంది. "నీకెందుకు తమ్ముడూ ఈ తిప్పలు? నువ్వు చెప్పావు, ఆమె వినలేదు. ఇందులో నీ తప్పేం లేదు. వచ్చి పడుకో."

"తప్పెవరిదైతే ఏంటి? దూడకు కావాల్సింది ఊపిరి," అంది కర్రి. "నా మాటకు లేవకపోతే, ఆమె దేనికి లేస్తుందో అదే పట్టుకుంటాను."

నిన్న ఒక్క వడియం ఎత్తుకుపోయిన కాకిని ఆమె వీధి చివరిదాకా తరిమింది. కర్రి ఆ గుడ్డ అంచు నోట కరుచుకుని, వడియాలతో సహా కొట్టం వైపు ఈడ్చుకుపోయింది.

"నీ జిమ్మడ! నా వడియాలు!" అంటూ సూరీడమ్మ చీపురెత్తి వెంటపడింది. కొట్టం వెనక్కి రాగానే ఆ చీపురు చేతిలోంచి జారిపోయింది. గబగబా పలుపు విప్పింది. దూడ దగ్గి, గట్టిగా ఊపిరి పీల్చింది.

వడియాలన్నీ మట్టిపాలయ్యాయి.

మర్నాడు ఆమె మళ్లీ పిండి కలుపుకుని కూర్చుంది. కర్రి ఒక్కసారి మొరిగింది.

సూరీడమ్మ పిండిచేతులతోనే లేచి, "ఎక్కడ్రా?" అంది.