కిటికీ పక్క సీటు

ఆ ముసలాయన ఆ రోజు కూడా బస్సులో ముందు వరుస కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాడు.

చూడగానే సూపరింటెండెంటు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

సూపరింటెండెంటు గారు ఈ మధ్యే రిటైరయ్యారు. అయినా రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అలవాటైన బస్సెక్కి పాత ఆఫీసుకే వెళ్తున్నారు. తనను సలహాదారుగానైనా తీసుకోమని అడగడానికి.

నిన్నటిదాకా తనను చూసి లేచి నిలబడినవాళ్లే అక్కడ ఇప్పుడు వరండాలో బెంచీ చూపిస్తున్నారు. ఆ కోపం వాళ్ల మీద చూపించలేరు కదా! అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు అదంతా ఈ ముసలాయన మీదికి మళ్లింది.

పోనీ ఈయనకేమన్నా వెళ్లే పనుందా అంటే అదీ లేదు. చివరి స్టాపుదాకా వెళ్తాడు, దిగకుండా అదే బస్సులో వెనక్కి వస్తాడు. జనం కడ్డీలు పట్టుకుని వేలాడుతుంటే ఈయనగారికి షికారు!

కిటికీలోంచి చూసినవాడు చూసి ఊరుకుంటాడా? పక్కవాళ్లకు చెప్తాడు. మేడ మీద ఆవిడ దుప్పట్లు దులుపుతోందట. స్కూటరు సీటు మీద కుక్క ఇవాళ కూడా నిద్రపోతోందట. ఏదో పెద్ద వార్త మోసుకొచ్చినట్టు!

"పనీ పాటా లేదా మీకు?" అని సూపరింటెండెంటు గారు ఒకనాడు కసిరారు.

"లేదండీ. అందుకే తీరింది," అన్నాడు ముసలాయన హాయిగా. "మీరూ చూడండి సార్. ఈ మలుపు దాటితే మళ్లీ కనబడదు."

సూపరింటెండెంటు గారు చూడలేదు. ఆ వయసులో ఒక మనిషి అంత నిశ్చింతగా ఉండటం తనను వెక్కిరించడానికే అనిపించింది.

ఆ రోజు ఆఫీసులో మళ్లీ రేపు రమ్మన్నారు. అంతే, తిన్నగా బస్సు డిపోకు వెళ్లారు. రద్దీ వేళల్లో ఈ ముసలాయనలాంటి ఉచిత పాసుల వాళ్లు సీట్లు పట్టుకుని కదలడం లేదని, నిబంధనలన్నీ ఏకరువు పెట్టి, సంతకం చేసి మరీ ఫిర్యాదు ఇచ్చారు. జీవితమంతా చేసిన పనే కాబట్టి అందులో వంక పెట్టడానికి ఎవరికీ సందు దొరకలేదు.

మర్నాడు కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది.

సూపరింటెండెంటు గారు దర్జాగా కూర్చుని, దుమ్ము పడుతోందని అద్దం మూసేశారు. కండక్టరమ్మ టికెట్టు చేతికిచ్చింది కానీ మొహం చూడలేదు.

ఆ వారం చివర్లోనే ఆఫీసు వాళ్లు కుండబద్దలు కొట్టారు. సలహాలు అక్కర్లేదు, ఇక రావద్దన్నారు.

తిరుగు బస్సులో ఆయనకు ఎప్పటిలా తిరగేసి చదువుకోవడానికి అర్జీ కాగితాల్లేవు. రేపు ఎక్కడికి వెళ్లాలో తెలీదు. ఏమీ తోచక అద్దం పైకెత్తారు.

చెప్పుల దుకాణం ముందు ఒకావిడ ఒంటి కాలి మీద గెంతుతోంది. దుకాణంవాడు ఆమె రెండో చెప్పు ఎవరి జతలోనో కలిపి అమ్మేసినట్టున్నాడు, తల బాదుకుంటూ వెతుకుతున్నాడు. సూపరింటెండెంటు గారికి ఎన్నాళ్లకో నవ్వొచ్చింది.

"చూశారా?" అన్నారు పక్కకు తిరిగి.

పక్కనున్న అబ్బాయి ఫోనులోంచి తలెత్తలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన. సూపరింటెండెంటు గారు కండక్టరమ్మను పిలిచి, ఆ పెద్దాయన రావడం లేదేమని అడిగారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని కూడా అన్నారు.

కండక్టరమ్మ ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా బయటికొచ్చింది.

"ఇప్పుడు దేనికి సార్? మీ కాగితం పుణ్యమా అని డిపోలో ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి సంజాయిషీ అడిగారు. పాసు బల్ల మీద పెట్టేసి, ఇక బస్సెక్కనని వెళ్లిపోయాడు. బతిమాలినా వినలేదు."

"నాకేం తెలుసమ్మా ఆయనకంత పట్టింపని? ఊరికే దిక్కులు చూస్తూ కూర్చుంటుంటే..."

"దిక్కులు చూడ్డమే నేరమైపోయిందా మీకు?"

బస్సులో నలుగురూ ఇటు తిరిగారు. సూపరింటెండెంటు గారికి తల కొట్టేసినట్టయింది. ఇంతకీ ఆయనెవరని మెల్లగా అడిగారు.

"అప్పట్లో మీరు ఆయన వీపే చూశారు, మొహం చూసుండరు లెండి," అంది కండక్టరమ్మ. "మొన్న మొన్నటిదాకా మిమ్మల్ని రోజూ ఆఫీసుకు చేర్చిన డ్రైవరాయన సార్, తాను పక్కకు తల తిప్పితే మీ అందరి ప్రాణాలకూ ముప్పని, ఈ దారిలో చూడాల్సిందంతా రిటైరయ్యాక చూసుకుందామని దాచిపెట్టుకున్నాడు."