ఒకే తేదీకి మూడు రోజులు

"నా బల్ల నేను సర్దను. ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాడు స్టోర్‌కీపర్.

ఎదురుగా రిసెప్షనిస్టు ఖాళీ అట్టపెట్టె పట్టుకుని నిలబడింది. ఆఫీసులో అందరూ ఆమెను పంచాంగం అంటారు, ఆమె వినకుండా. పొద్దున్నే వాటర్ ఫిల్టర్ పక్కనున్న బోర్డు మీద ఆ రోజు ప్రత్యేకత రాయనిదే ఆమెకు తోచదు. గుండీల రోజు, గొడుగుల రోజు, ఆవలింతల రోజు. ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చిన జాబితా ఒకటి ఆమె సొరుగులో ఉంది. ఓసారి ఉల్లిపాయల రోజూ కళ్లద్దాల రోజూ ఒకే తేదీన పడ్డాయి. తూకం యంత్రాలు బాగుచేసే ఆ ఆఫీసులో మేనేజరుతో సహా ఆరుగురూ కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. యంత్రాలు మాత్రం ఎప్పట్లాగే ఆలస్యంగా తయారయ్యాయి.

ఇవాళ బోర్డు మీద మూడున్నాయి. బల్ల ఖాళీ చేసే రోజు. తోటివాళ్లకు థాంక్స్ చెప్పే రోజు. అందరూ కలిసి ఫొటో దిగే రోజు.

"సర్దకపోతే మానెయ్యండి స్టోర్ గారూ, పెట్టె మాత్రం ఉంచుకోండి. మీ సొరుగుల్లో స్ప్రింగులు పిల్లల్ని పెడుతున్నాయి" అని నవ్వేసి, ఆమె పక్క బల్లకు మరో పెట్టె తీసుకెళ్లింది.

అతనికి నవ్వు రాలేదు. సోమవారం హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఒకర్ని తీసేస్తున్నారు. అది ఎవరో మేనేజరు నోరు విప్పి చెప్పడం లేదు.

మెకానిక్ పక్కకొచ్చి గొణిగాడు. "చూశావా అన్నా? చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే. మన చేత్తోనే బల్ల ఖాళీ చేయిస్తారు. ఆనక ఓ థాంక్స్, ఓ ఫొటో. సాయంత్రానికి గేటు బయట."

"అందరికీ ఇచ్చిందిగా పెట్టెలు?"

"ఒక్కడికే ఇస్తే వాడు గొడవ చెయ్యడూ?"

ఇంతలో బల్ల మీద ఫోన్ మోగింది. "మీ ఆవిడగారండీ" అని రిసెప్షనిస్టు కలిపింది.

"కడుపులో గడ్డ తీసెయ్యాల్సిందేనట. వచ్చే గురువారం రమ్మన్నారు" అంది భార్య. "కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే చాలన్నారు. కార్డు పనిచేస్తుందిగా?"

"ఎందుకు పనిచెయ్యదు?" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. లేచి నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లాడు. తలుపు కూడా తట్టలేదు.

"నా పేరేనా సార్?"

"ఐదు గంటలకు అందరికీ చెబుతాను. అప్పటిదాకా నన్నేమీ అడక్కండి" అన్నాడు మేనేజరు, కాగితాల మీంచి తలెత్తకుండా.

"నేను పోతే ఏ స్క్రూ ఎక్కడుందో ఇక్కడ ఒక్కరికీ తెలీదు. మా ఆవిడకి ఆపరేషన్ ఉంది సార్. ఒకర్ని తియ్యాలనే అనుకుంటే..." నోరు జారుతోందని అతనికి తెలుస్తూనే ఉంది. అయినా ఆగలేకపోయాడు. "ఆ పంచాంగాన్ని తీసెయ్యొచ్చుగా? ఫోన్ ఎవరైనా ఎత్తుతారు. ఇవాళ గుండీల రోజో గొడుగుల రోజో తెలీకపోతే ఎవరి ప్రాణం పోతుంది?"

మేనేజరు అప్పుడు తలెత్తాడు.

"పొద్దున్నుంచి ఈ మాట చెప్పిన నాలుగో మనిషి మీరు."

స్టోర్‌కీపర్‌కి సిగ్గేసింది. దాని వెనకే, తనొక్కడే కాదులే అని కాస్త ఊరట కలిగింది. ఆ ఊరటకి మరింత సిగ్గేసింది.

మనసు కుదురుగా లేనప్పుడు చేతులకైనా పనుండాలి. తిరిగొచ్చి, సర్దనన్న బల్లే సర్దాడు. స్ప్రింగులు, కాలు విరిగిన కళ్లజోడు, ఎప్పుడో పోయిందనుకున్న టీ చెంచా ఒక్కొక్కటీ పెట్టెలో పడ్డాయి. మధ్యాహ్నం చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద రిసెప్షనిస్టు రాసిన చిన్న చీటీ ఉంది. "వానలో నా స్కూటర్ ఆగిపోతే ఇంటిదాకా తోసుకొచ్చారు. థాంక్స్ స్టోర్ గారూ." ఆ సంగతి అతనే మర్చిపోయాడు. చీటీ జేబులో పెట్టుకోలేకపోయాడు, పారెయ్యలేకపోయాడు.

నాలుగున్నరకి ఆమె అందర్నీ బోర్డు ముందుకు లాక్కొచ్చింది. ఫోన్‌ని ఫైళ్ల దొంతర మీద నిలబెట్టి టైమర్ పెట్టింది.

"మెకానిక్ గారూ, పళ్ల డాక్టరు దగ్గరకొచ్చినట్టు ఆ మొహమేంటండీ? కాస్త నవ్వండి!"

ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. ఆమె పరిగెత్తుకొచ్చి స్టోర్‌కీపర్ పక్కనే నిలబడింది. ఫోన్ క్లిక్‌మంది. అందరూ తలో దిక్కుకీ జారుకున్నారు.

ఇక అతని వల్ల కాలేదు. ఆమె వెనకే నడిచాడు.

"మేడమ్, మీకొక మాట చెప్పాలి. పొద్దున మేనేజరు గదిలో మీ పేరు చెప్పాను. ఒకర్ని తియ్యాల్సొస్తే మిమ్మల్ని తియ్యమన్నాను. రేపు మీ ఉద్యోగం పోతే ఆ పాపం నాదే."

ఆమె ఫోన్ ఛార్జరు తీగ చుడుతోంది. ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ చుట్టింది.

"పాపం మీదేం కాదు లెండి. ఉత్తరం సోమవారమే వచ్చింది, అందులో ఉన్నది నా పేరే. ఇవాళ సాయంత్రం దాకా ఎవరికీ చెప్పొద్దని మేనేజరు గారిని నేనే బతిమాలాను. పొద్దున ఫోన్ కలిపినప్పుడు చెవిన పడింది, గురువారం మీ కార్డు పనిచేస్తుంది, ఇంటికి ఫోన్ చేసి చెప్పండి."

అతను బోర్డు వైపు తిరిగాడు. "మరి... ఆ బోర్డు... బల్ల ఖాళీ చేసే రోజూ..."

"జాబితాలో ఇవాళ ఏ రోజూ లేదండీ" అందామె. "నా ఒక్క బల్లే ఖాళీ అయితే అందరూ జాలిగా చూస్తారని, మీ అందరివీ ఖాళీ చేయించాను."