ఈ వారం అనిమే జోడీ

జపాన్ కార్టూన్ల మీద తమ్ముడు నడిపే ఛానెల్‌ని లైవ్‌లో నాలుగు వేలమంది చూస్తున్నారు. నేను రాసిచ్చిన కాగితాన్ని తమ్ముడు ఎప్పట్లాగే ముందు చూసుకోకుండా చదివేస్తున్నాడు. నా పేరు కూడా చెప్పరా అంటే నిన్న, “నువ్వు చేసేది టైపింగే కదక్కా” అన్నాడు.

“ఫ్రెండ్స్, ఈ వారం నేను వెతికి పట్టుకున్న అనిమే జోడీ! మొదటిది, గురువు గీసిన బొమ్మలు తనవని చెప్పుకున్న శిష్యుడి కథ. నచ్చిందా? అచ్చం అలాంటిదే ఇంకోటుంది. అందులో, మూడేళ్లుగా అక్క రాసిందంతా తనదేనని చెప్పుకునే తమ్ముడు...”

చదవడం ఆపి నావైపు తిరిగాడు.

“ఏంటక్కా ఇది?” అన్నాడు, మైకు ఆపడం మర్చిపోయి.

“పోలికేంటో కింద రాశాను, చూడు.”

చూశాడు. ‘రెండింట్లోనూ దొంగ తన నోటితోనే దొరికిపోతాడు.’

తెర నిండా ఒకటే కామెంటు: ‘అక్కని చూపించు.’

“లెయ్‌రా,” అన్నాను. “అది నా కుర్చీ.”